వేలు ముందు, శబ్దం వెనక

నిమిషానికి 180 దరువుల వేగంతో నడిచే పాట ఒకటి తీసుకుందాం. ఒక దరువుకూ తర్వాతి దరువుకూ మధ్య ఎడం 333 మిల్లీసెకన్లు. దరువును నాలుగు ముక్కలు చేస్తే ముక్కకు 83. అంటే ముక్కకో నోటు చొప్పున సెకనుకు 12 నోట్లు. పాట లయకు సరిగ్గా బటన్లు నొక్కాల్సిన రిథమ్ గేములు ఆడేవాళ్లలో చేయి తిరిగినవారికి ఇది అలవాటైన వేగమే. ఇప్పుడు రెండో లెక్క. చెవిన పడిన శబ్దానికి స్పందించి వేలు కదపడానికి మనిషికి దాదాపు 150 మిల్లీసెకన్లు పడుతుంది. కంటికి కనబడిన వెలుగుకైతే దాదాపు 200. ఈ లెక్కన ప్రతి నోటునూ విన్నాకో చూశాకో నొక్కుదామనుకునే ఆటగాడు ఎప్పుడూ దాదాపు రెండు నోట్లు వెనకబడే ఉండాలి. కానీ వెనకబడడు. గురికి పది పదిహేను మిల్లీసెకన్లు అటూ ఇటూగా, పాట పొడవునా వేలు దింపుతూనే ఉంటాడు.

కాబట్టి ఈ ఆటలు చురుకుదనానికి పరీక్షలనే మాట సగమే నిజం. తుపాకుల గేములో శత్రువు గోడ చాటు నుంచి ఎప్పుడు బయటికొస్తాడో తెలియదు, వచ్చాక స్పందించాలి. రిథమ్ గేములో వచ్చేదేమిటో, ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు. తెలిసిన క్షణానికి వేలిని చేర్చడమే పని. మెదడు ముందుగా లెక్క కట్టి, ముందుగా ఆజ్ఞ పంపి, శబ్దం పుట్టే వేళకు వేలు బటన్ మీద ఉండేలా చూసుకుంటుంది. ఇంజినీర్ల తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. మనిషి పది మిల్లీసెకన్ల కచ్చితత్వం చూపిస్తుంటే యంత్రం యాభై మిల్లీసెకన్లు తడబడితే ఆట ఎలా సాగుతుంది? ఆర్కేడ్ యంత్రం, కంప్యూటర్, మొబైల్ ఫోన్ ఈ ప్రశ్నకు తలో జవాబు వెతుక్కున్నాయి. వాటి సంగతి చూసే ముందు మనిషి సంగతి తెలుసుకోవాలి.

లయకు వేలు కలపడం ప్రయోగశాలకు పాత విషయమే. 1886లోనే ఎల్.టి. స్టీవెన్స్ అనే పరిశోధకుడు మెట్రోనోమ్ టిక్కులకు మనుషుల చేత తట్టించి, కాసేపటికి మెట్రోనోమ్ ఆపేసి, అదే వేగంతో తడుతూ పొమ్మని కొలతలు తీశాడు. అమెరికాలోని హాస్కిన్స్ లేబొరేటరీస్ శాస్త్రవేత్త బ్రూనో రెప్ ఇలాంటి తట్టుడు ప్రయోగాల చరిత్రనంతా 2005లో ఒక సుదీర్ఘ సమీక్షగా కూర్చాడు. అందులో మళ్లీ మళ్లీ ఎదురయ్యే వింత ఒకటుంది. టిక్కుతో సరిగ్గా కలిపి తడుతున్నామని నమ్మేవాళ్లు నిజానికి టిక్కు కంటే ముందే తడతారు. సంగీతం నేర్వనివారిలో ఈ తొందర 20 నుంచి 80 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. సంగీతం నేర్చినవారిలో తగ్గుతుంది. తాము తొందరపడుతున్నామని ఇద్దరికీ తెలియదు.

ఎందుకీ తొందర? ఎక్కువమంది చెప్పే కారణం ఇది: చెవి నుంచి మెదడుకు దారి దగ్గర, వేలికొస నుంచి మెదడుకు దారి దూరం. టిక్కు విన్న కబురూ, వేలు తాకిన కబురూ మెదడుకు ఒకేసారి చేరాలంటే వేలు ముందుగా బయలుదేరక తప్పదు. ఈ వివరణకు ఒక మంచి సాక్ష్యం ఉంది. వేలికి బదులు పాదంతో తట్టిస్తే తొందర ఇంకా పెరుగుతుంది, పాదం నుంచి దారి మరీ దూరం కనుక. డ్యాన్స్ యంత్రం మీద ఎగిరేవాడికీ ఫోన్ మీద వేళ్లాడించేవాడికీ లయజ్ఞానం ఒక్కటే కావచ్చు, వాళ్ల తొందర మాత్రం ఒక్కటి కాదు.

తెలియకుండానే జరిగే దిద్దుబాటు ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. టిక్కుల వరుసలో ఒక్కదాన్ని, వినేవారు పసిగట్టలేనంత కొద్దిగా ముందుకో వెనక్కో జరిపితే, ఆ మార్పు జరిగిందని వాళ్లు చెప్పలేరు. వాళ్ల తర్వాతి తట్టు మాత్రం ఆ మేరకు సర్దుకుంటుంది. తాళం తప్పిందని తెలియని మనిషి తాళాన్ని దిద్దుకుంటున్నాడన్నమాట.

ఇంకో కొలత ఈ ఆటల స్వభావాన్నే చెప్పేస్తుంది. మినుకు మినుకుమనే దీపానికి తాళం కలపమంటే, మినుకుల మధ్య ఎడం అర సెకను కంటే కాస్త తగ్గేసరికి మనిషి చేతులెత్తేస్తాడు. శబ్దానికైతే సెకనులో ఎనిమిదో వంతు ఎడం దాకా కొందరు నిలబడతారు. రిథమ్ గేమ్ చూడటానికి కంటి ఆటలా ఉంటుంది: రంగుల గీతలు, జారే బాణాలు, పేలే వెలుగులు. కానీ ఏది నొక్కాలో చెప్పడం వరకే కన్ను పని. ఎప్పుడు నొక్కాలో చెవే చెప్పాలి.

ఇక యంత్రాల దగ్గరికి.

1996 డిసెంబరులో జపాన్‌లో ప్లేస్టేషన్ మీద ‘పరప్పా ద రాపర్’ వచ్చింది. మసాయా మత్సుఉరా తయారుచేసిన ఈ గేములో కాగితపు బొమ్మలాంటి కుక్కపిల్ల, ఉల్లిపాయ తల ఉన్న కరాటే గురువు దగ్గర ర్యాప్ కట్టడం నేర్చుకుంటుంది. కథ ఎంత అల్లరిగా ఉన్నా, గురువు అన్న పదాలను శిష్యుడు లయ తప్పకుండా బటన్లతో తిరిగి అనాలన్న సూత్రం గట్టిది. ఏడాది తిరిగేసరికి, 1997 డిసెంబరులో, కొనామీ సంస్థ ‘బీట్‌మేనియా’ను ఆర్కేడ్లలో పెట్టింది. ఐదు మీటలు, పక్కన డీజేలు తిప్పే పళ్లెం లాంటి టర్న్‌టేబుల్. తెర పైనుంచి నోట్లు జారుతాయి, కింది గీతను తాకే క్షణానికి మీట నొక్కాలి. ఈ జారుడు తెర ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఈ ఆటల వ్యాకరణంగా నిలిచిపోయింది. ఎంతగా అంటే, కొనామీ తన సంగీత ఆటల విభాగం పేరును ఈ గేము పేరు నుంచే ‘బెమానీ’గా మార్చుకుంది.

బీట్‌మేనియాలో ఒక సాహసం దాగి ఉంది. అక్కడ పాట పూర్తిగా రికార్డు అయి ఉండదు. వెనక కొన్ని వాద్యాలు మోగుతుంటాయి, మిగిలిన స్వరాలను ఆటగాడి మీటలే పలికిస్తాయి. ఆలస్యంగా నొక్కితే స్వరం ఆలస్యంగానే వినబడుతుంది. నొక్కకపోతే అక్కడ పాటలో చిల్లు. మీట నొక్కిన క్షణానికీ స్పీకరు పలికిన క్షణానికీ మధ్య జాప్యం కొద్దిగా పెరిగినా ఈ ఆట రుచి చెడుతుంది. కొనామీ దానికి భయపడలేదు, ఎందుకంటే పెట్టె మొత్తం వాళ్లదే: తెర, స్పీకరు, మీట, లోపలి బోర్డు అన్నీ. ఆనాటి తెర సీఆర్‌టీ, అంటే లావుపాటి గాజు గొట్టం. లోపలికి వచ్చిన సంకేతాన్ని దాచుకోకుండా గీత వెంట గీతగా అప్పటికప్పుడు వెలిగించేస్తుంది. స్పీకరు ఆటగాడి ముఖానికి ఎదురుగానే ఉంటుంది. గాలిలో శబ్దం మీటరు దూరానికి సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కనుక ఆ దూరం కూడా లెక్కలోకి రాదు. ఊరూరా ఉన్న యంత్రాలన్నీ ఒకే కొలతలవి. కర్మాగారంలో ఒక్కసారి జాప్యాన్ని సరిచేస్తే టోక్యోలోనైనా ఒసాకాలోనైనా ఆట ఒక్కటే. ఆర్కేడ్ జవాబు ఇదే: అన్నీ తన గుప్పిట్లో పెట్టుకోవడం.

ఆ ధైర్యంతోనే, నొక్కు ఎంత కచ్చితమో యంత్రం ఇచ్చే తీర్పుల గడువులు బిగిశాయి. 1999లో ఏడు మీటలతో వచ్చిన ‘బీట్‌మేనియా టూ డీఎక్స్’లో అత్యుత్తమ తీర్పు దక్కాలంటే సరైన క్షణానికి దాదాపు 17 మిల్లీసెకన్లు అటో ఇటో ఉండాలి. అది సెకనుకు 60 చిత్రాలు చూపే తెర మీద ఒక్క చిత్రం నిలిచే కాలం. 2019 చివర్లో ఇదే గేముకు 120 చిత్రాల తెరతో కొత్త యంత్రం వచ్చింది. పాత యంత్రానికి అలవాటుపడినవారికి నోట్ల కదలిక ఒక్కసారిగా నున్నగా తోచడం సహజమే.

1998లో ‘డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్’ చేతుల ఆటను కాళ్లకు దింపింది. నాలుగు బాణాల పలక, వెనక పట్టుకోవడానికి కడ్డీ. మరుసటి ఏడాది కొరియాలో ఆండమిరో సంస్థ ‘పంప్ ఇట్ అప్’లో ఐదు పలకలు పెట్టింది, నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి. 2001లో నామ్కో ‘తైకో నో తత్సుజిన్’ పేరుతో డప్పునే యంత్రం ముందు నిలబెట్టింది. చర్మం మీద కొడితే ‘దోన్’, అంచు మీద కొడితే ‘కా’. వీటన్నిటిలో వైద్యులూ విద్యాశాఖలూ పట్టించుకున్నది డ్యాన్స్ యంత్రాన్నే. పిల్లల్లో స్థూలకాయం తగ్గించడానికి అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం 2006లో తన 765 ప్రభుత్వ పాఠశాలలన్నిటా ఈ గేమును పెడతామని ప్రకటించింది. వ్యాయామం పీరియడుకు వీడియో గేమ్ రావడం అప్పట్లో పెద్ద వార్తే.

ఆర్కేడ్ గుప్పిట విడిపోయింది ఇళ్లలో. 2005 నవంబరులో ‘గిటార్ హీరో’ విడుదలైంది. తయారుచేసింది హార్మోనిక్స్, ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో చదివిన అలెక్స్ రిగోపులోస్, ఎరన్ ఎగోజీ 1995లో పెట్టిన సంస్థ. గిటారు ఆకారపు కంట్రోలరు ఆలోచన వాళ్లది కాదు, 1999 నాటి కొనామీ ‘గిటార్ ఫ్రీక్స్’ది. అమెరికా డ్రాయింగ్ రూములకు దాన్ని తెచ్చిన ఘనత మాత్రం వాళ్లదే. 2007 నాటి మూడో భాగం వంద కోట్ల డాలర్ల అమ్మకాలు దాటిన మొదటి గేమని ప్రచురణ సంస్థ ఆక్టివిజన్ చాటుకుంది. 2011 ఫిబ్రవరికల్లా అదే ఆక్టివిజన్ గిటార్ హీరో విభాగాన్ని మూసేసింది. ఏడాదికి బోలెడు భాగాలు వదిలితే జనానికి మొహం మొత్తదా!

ఈ గేము ఇళ్లకు చేరుతున్న ఏళ్లలోనే ఇళ్లలో గాజు గొట్టాల టీవీలు పోయి పలక టీవీలు వచ్చాయి. పలక టీవీ తనకు అందిన బొమ్మను వెంటనే చూపించదు. రంగులు దిద్ది, అంచులు చెక్కి, పరిమాణం పెంచి అప్పుడు చూపిస్తుంది. ఈ ముస్తాబుకు కొన్ని టీవీల్లో 50 నుంచి 100 మిల్లీసెకన్లు పట్టేది. సినిమా చూసేవారికి పట్టింపు లేదు, ఎందుకంటే శబ్దాన్నీ అంతే ఆలస్యం చేస్తే సరిపోతుంది. ఆటగాడికి అలా కుదరదు. అతని వేలు ఆలస్యం కాదు కదా.

హార్మోనిక్స్ దీనికి రెండు ఉపాయాలు పన్నింది. మొదటిది బీట్‌మేనియా సాహసాన్ని వదులుకోవడం. గిటార్ హీరోలో తీగ మీటితే స్వరం పుట్టదు. గిటారు వరుస ముందే రికార్డయి, వెనక నడుస్తూనే ఉంటుంది. తప్పితే దాని గొంతు నొక్కేస్తారు, సరిగ్గా మీటితే వదిలేస్తారు. కొద్దిపాటి జాప్యం చెవికి దొరకదు, ‘నేనే వాయిస్తున్నాను’ అన్న భ్రమ చెక్కుచెదరదు. రెండోది కొలత. టీవీ ఎంత ఆలస్యమో ఆటగాడే టిక్కులకు తీగ మీటి కొలిచి చెబితే, గేమ్ తన గడియారాన్ని ఆ మేరకు జరుపుకుంటుంది. ‘రాక్ బ్యాండ్ 2’తో వచ్చిన గిటారులో చిన్న వెలుగు గ్రాహకం, మైకు పెట్టి ఆ కొలత మనిషి లేకుండానే తీసుకున్నారు. తెర ముందు గిటారును పట్టుకుంటే అది తనే చూసి, తనే విని లెక్క తేల్చేది.

మనిషి తీసే కొలతకూ యంత్రం తీసే కొలతకూ తేడా ఎక్కడుందో ఇంతకు ముందు చెప్పిన తొందర గుర్తుంటే తెలిసిపోతుంది. పరికరం జాప్యం 40 మిల్లీసెకన్లనుకుందాం. ఆటగాడు స్వభావసిద్ధంగా 30 ముందు తడతాడు. గేమ్ లెక్కలో జాప్యం 10గా తేలుతుంది. పరికరం గురించి అది తప్పుడు లెక్క. కానీ పాటలోనూ అతను 30 ముందే తట్టేటట్టయితే అతని వరకు సరైన లెక్క. మెలిక ఏమిటంటే, పాటలో అతను అంత ముందు తట్టడు. ఉత్తి టిక్కులకు ఉండే తొందర, టిక్కుల మధ్య ఖాళీలో చిన్న స్వరాలు నిండగానే తగ్గిపోతుందని ప్రయోగాలు చూపాయి. నిండైన పాటలో మనిషి నిదానిస్తాడు. అందుకే టిక్కులతో కొలిచి సరిపెట్టుకున్న గేమ్, మొదటి పాటలోనే ‘లేట్’, ‘లేట్’ అని మొట్టికాయలు వేస్తుంది.

కంప్యూటర్‌లో ఇంతకంటే పెద్ద చిందరవందర. ఎవరి తెర వారిది, ఎవరి కీబోర్డు వారిది, ఎవరి సౌండ్ కార్డు వారిది. ఈ గందరగోళంలోంచి పుట్టిన సంస్కృతి మాత్రం మూడింటిలోకీ సంపన్నమైనది, ఎందుకంటే ఇక్కడ ఆటగాళ్లే పాటలకు నోట్లు రాశారు. బీట్‌మేనియాను అనుకరిస్తూ 1998లో జపాన్‌లో బీఎంఎస్ అనే ఫైలు పద్ధతి పుట్టింది. ఏ శబ్దం ఏ క్షణాన ఏ మీటకో ఉత్త అక్షరాలతో రాసిపెట్టే పద్ధతి అది. డ్యాన్స్ గేములకు స్టెప్‌మేనియా అనే ఉచిత, బహిరంగ సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2004లో రాక్సర్ సంస్థ దాని మీదే ‘ఇన్ ద గ్రూవ్’ అనే ఆర్కేడ్ యంత్రం కట్టింది. కొనామీ 2005లో కోర్టుకెక్కింది, మరుసటి ఏడాది రాజీలో ఆ గేము హక్కులు కొనామీ చేతికే చేరాయి.

స్టెప్‌మేనియా లోపల తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే లెక్క ఒకటుంది. అది ప్రతి దరువునూ 48 గదులుగా విడగొట్టి, ప్రతి నోటునూ ఏదో ఒక గదిలో కూర్చోబెడుతుంది. 48ని 3తో, 4తో, 6తో, 8తో భాగించవచ్చు. అంటే కర్ణాటక సంగీతంలోని తిస్ర గతి, చతురస్ర గతి పిసరంత తేడా లేకుండా ఇముడుతాయి. ఖండ గతికి దరువును ఐదుగా, మిశ్ర గతికి ఏడుగా పంచాలి. 48 ఐదుకూ ఏడుకూ లొంగదు. దరువు మొదటి స్వరం తప్ప ప్రతి స్వరమూ పక్క గదిలోకి కాస్త ఒరగాల్సిందే. ఎంత? నిమిషానికి 120 దరువుల వేగంలో ఒక్కో గది వెడల్పు 10.4 మిల్లీసెకన్లు, ఐదు భాగాల లెక్కలో ఎక్కువలో ఎక్కువ 4.2, ఏడు భాగాల లెక్కలో 4.5 మిల్లీసెకన్ల పొరపాటు. అంటే మృదంగ విద్వాంసుడి ఖండ గతిని ఈ సాఫ్ట్‌వేర్ కచ్చితంగా రాయలేదు, అయినా ఆ లోపం అత్యుత్తమ తీర్పు గడువు లోపలే దాక్కుంటుంది. డ్యాన్స్ పాటల కోసం నాలుగు లెక్కలో ఆలోచించినవాళ్ల పని అది. ఐదు, ఏడు లెక్కల్లో పెరిగిన ఊళ్లో పుట్టి ఉంటే ఆ గదులు 420 అయ్యుండేవేమో!

2007 సెప్టెంబరులో ఆస్ట్రేలియా యువకుడు డీన్ హెర్బర్ట్ ‘ఓసూ!’ను విడుదల చేశాడు. నింటెండో డీఎస్‌లో పుల్లతో వృత్తాలను తాకే ఒక జపనీస్ గేమ్ దీనికి ప్రేరణ. మౌసుతోనో, బొమ్మలు గీసే టాబ్లెట్‌తోనో వృత్తం మీద గురి నిలిపి, కీబోర్డు మీద రెండే మీటలతో లయ కొడతారు. దీని అత్యుత్తమ తీర్పు సూత్రం బహిరంగం: 80లోంచి కఠినతా సంఖ్యకు ఆరు రెట్లు తీసేయాలి. కఠినత 5 అయితే గడువు అటూ ఇటూ 50 మిల్లీసెకన్లు, 10 అయితే 20. ఆట ముగిశాక ఆటగాడి తప్పుల పటం తెర మీదికొస్తుంది. ఎన్ని నోట్లు ముందు, ఎన్ని వెనక, ఎంత చెదురు. ఆ చెదురును పదితో హెచ్చించి ‘అన్‌స్టేబుల్ రేట్’ అంటారు. అది 100 అంటే తట్టుల ప్రామాణిక విచలనం 10 మిల్లీసెకన్లు. మంచి ఆటగాళ్లు దానికి దిగువనే ఉంటారు. శిక్షణ పొందిన వాద్యకారుల మీద ప్రయోగశాలల్లో తేలే అంకెలకు ఇది పక్కనే నిలుస్తుంది. ఒకప్పుడు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పది పన్నెండు మందిని బతిమాలి కూర్చోబెట్టి సేకరించే దత్తాంశం ఇది. ఇప్పుడు పిల్లలు రాత్రంతా మేలుకుని వాళ్లంతట వాళ్లే పోగేస్తున్నారు.

కంప్యూటర్ జవాబు ఇదీ: ప్రతి ఆటగాడినీ తన యంత్రానికి తానే ఇంజినీరును చేయడం. మామూలు యూఎస్‌బీ కీబోర్డును కంప్యూటర్ సెకనుకు 125 సార్లు పలకరిస్తే రెండు పలకరింపుల మధ్య 8 మిల్లీసెకన్లు పోతాయి. 1000 సార్లు పలకరించేదైతే ఒక్కటే. ఎంపీ3 ఫైలు మొదట్లో చేరే మౌనం కూడా వీళ్ల దృష్టి దాటిపోదు. ఆ పద్ధతిలో పాటను కుదించేటప్పుడూ విప్పేటప్పుడూ కలిపి 1105 నమూనాల ఖాళీ చేరుతుంది, అంటే పాతిక మిల్లీసెకన్లు. పాట వినేవారికి అది లేనట్టే. నోట్లు రాసేవారికి పాటంతా పాతిక మిల్లీసెకన్లు జరిగిపోయినట్టు.

కొత్తగా చూసేవారిని తికమకపెట్టే సంగతి ఒకటి: చేయి తిరిగిన ఆటగాళ్లు నోట్లను ఇంకా వేగంగా జారేలా పెట్టుకుంటారు. నోటు తెర మీద కనిపించేది అర సెకనే అయినా వాళ్లకు అదే హాయి. పాట వేగం మారదు, నోట్ల మధ్య దూరం మాత్రం పెరుగుతుంది. నెమ్మదిగా జారేటప్పుడు కుప్పగా కనిపించే నోట్లు విడివిడిగా ఆకారం దాలుస్తాయి. ఆ ఆకారాలకు వాళ్ల భాషలో పేర్లున్నాయి: మెట్లలా దిగితే స్టెయిర్స్, రెండు మీటల మధ్య ఊగితే ట్రిల్, ఒకే మీట మీద వరుసగా పడితే జాక్. చదరంగం ప్రవీణులు పావులను ఒక్కొక్కటిగా కాక గుంపులుగా చూస్తారని 1973లో చేజ్, సైమన్ చూపించారు. ఇక్కడ జరిగేదీ అలాంటిదే. నిపుణుడు చదివేది నోట్లను కాదు, వాటి గుత్తులను.

చాలాసేపు కిందికి జారే నోట్లను చూసి తల పక్కకు తిప్పితే గోడ పైకి పాకుతున్నట్టు కనిపిస్తుంది. గిటార్ హీరో ఆడిన చాలామందికి అనుభవమైన ఈ భ్రమను 1834లో రాబర్ట్ ఆడమ్స్ స్కాట్లాండ్‌లోని ఫోయర్స్ జలపాతం దగ్గర వర్ణించాడు. నీటిని కన్నార్పకుండా చూసి పక్కనున్న రాళ్ల వైపు చూపు మరల్చితే రాళ్లు పైకి కదిలినట్టు తోచింది. కిందికి కదిలే వాటిని గుర్తించే నాడీకణాలు అలసిపోగా, పైకి కదిలే వాటికి చెందిన కణాల మాట చెల్లుబాటు కావడమే కారణం. కాసేపట్లో అదే సర్దుకుంటుంది.

కంటి భ్రమ సంగతి సరే, మెదడులో లయ స్థావరం ఎక్కడ? 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ మెదడు స్కాన్‌లు తీసి చూస్తే, మనిషి కదలకుండా ఊరికే దరువు వింటున్నా కదలికలను నడిపే బేసల్ గాంగ్లియా ప్రాంతం చురుగ్గా ఉంది. పార్కిన్సన్ వ్యాధిలో దెబ్బతినేది ఈ ప్రాంతపు పనే. ఆ రోగులకు లయల మధ్య తేడా పట్టుకోవడం కష్టమని అదే జంట తర్వాత గమనించింది. బయటి నుంచి స్థిరమైన దరువు వినిపిస్తే వారి నడక మెరుగుపడుతుందన్నది అంతకు ముందే తెలుసు. ఈ రెండు ముక్కలూ కలిపి ‘రిథమ్ వర్కర్స్’ పేరుతో లయ శిక్షణకే ఒక గేమ్ తయారైంది, దాని వివరాలు 2018లో ప్రచురితమయ్యాయి. దరువును పట్టే శక్తి మనిషి నేర్చుకునేది మాత్రమే కాదు. దరువులో ఒకటి లోపిస్తే పుట్టి రెండు మూడు రోజులైన పసికందు మెదడు కూడా ఉలిక్కిపడుతుందని 2009లో ఇష్త్వాన్ వింక్లర్ బృందం చూపింది. అదే ఏడాది స్నోబాల్ అనే కాకటూ పక్షి పాట వేగం మార్చినా తల ఊపు మార్చుకోగలదని అనిరుధ్ పటేల్ బృందం నిరూపించింది. ఆర్కేడ్‌లో నాణెం వేయడమొక్కటే దానికి రాదు!

ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్న యంత్రం. 2008లో ఐఫోన్ మీద ‘ట్యాప్ ట్యాప్ రివెంజ్’ ఊపేసింది. 2012లో తైవాన్‌కు చెందిన రేయార్క్ ‘సైటస్’లో జారే నోట్లనే వద్దనుకుంది. తెర మీద పైకీ కిందికీ ఊగే గీత ఒకటుంటుంది, అది వృత్తాన్ని దాటే క్షణానికి తాకాలి. వేలికి ఆనే మీట లేదు కనుక ఫోన్ గేములు జరపడం, ఎగదోయడం, పట్టి ఉంచడం అనే కొత్త ముద్రలు కనిపెట్టాయి. జపాన్‌లో 2013 నాటి ‘లవ్ లైవ్’ గేమ్ నుంచి 2020 నాటి ‘ప్రాజెక్ట్ సెకాయ్’ దాకా పాటలూ పాత్రలూ కలిసి పెద్ద వ్యాపారమయ్యాయి.

ఆండ్రాయిడ్ ఫోన్లు మాత్రం చాలాకాలం ఇబ్బంది పెట్టాయి. ఫోన్ శబ్దాన్ని స్పీకరుకు చుక్కచుక్కగా పంపదు, మోపులు కట్టి పంపుతుంది. సెకనుకు 48,000 నమూనాల లెక్కన 960 నమూనాల మోపు కడితే 20 మిల్లీసెకన్లు. అలాంటి మోపులు నాలుగైదు వరుసలో నిలబడితే 180 వేగపు పాటలో దరువులో నాలుగో వంతు కరిగిపోయినట్టే. పెద్ద మోపులతో బ్యాటరీ కలిసొస్తుంది, లయ చెడుతుంది. తొలినాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలో జాప్యం 200 మిల్లీసెకన్లు దాటిన సందర్భాలున్నాయి. గూగుల్ 2012 నుంచి దీన్ని తగ్గిస్తూ వచ్చింది, 2017లో ఆండ్రాయిడ్ 8తో కొత్త శబ్ద మార్గం వేసింది. బాగా అమ్ముడయ్యే ఇరవై ఫోన్ల సగటు జాప్యం 2017లో 109 మిల్లీసెకన్లుంటే 39కి దిగిందని 2021లో ఆ సంస్థ తెలిపింది.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే ఈ శ్రమంతా గాలిలో కలుస్తుంది. మామూలు బ్లూటూత్ పద్ధతుల్లో పాటను కుదించి, పంపి, విప్పేసరికి 150 నుంచి 250 మిల్లీసెకన్లు. 180 వేగపు పాటలో అది దాదాపు సగం నుంచి ముప్పావు దరువు. అయినా ఆడటం అసాధ్యం కాదు. మనిషి ఆడేది ముందస్తు లెక్కతో కదా. పాట ఎంత ఆలస్యమో నోట్లనూ అంతే ఆలస్యం చేస్తే రెండూ కలుస్తాయి. కలవనిదల్లా తాకిన చప్పుడు, అది ఎప్పుడూ పావు సెకను దాకా వెనకే. కాబట్టి చాలా ఫోన్ గేములు ఆ చప్పుడును ఆపేసుకునే వీలిస్తాయి. బీట్‌మేనియా సాహసానికి పూర్తిగా ఎదురు దారి: ఆటగాడు నిశ్శబ్దంగా తాకుతాడు, పాట తన మానాన తాను సాగుతుంది. దాచిపెట్టడమే ఫోన్ జవాబు. 2014లో ప్రపంచమంతా ఆడిన నలుపు తెలుపు పలకల ‘పియానో టైల్స్’ ఇంకా గడుసుది. దాని అసలు పద్ధతిలో పాటకు సొంత గడియారమే లేదు. వేలు తాకినప్పుడల్లా తర్వాతి స్వరం పలుకుతుంది, పాట వేలి వెనక నడుస్తుంది. దాన్ని రిథమ్ గేమ్ అనడం కంటే పరుగు పందెం అనడమే న్యాయం. వర్చువల్ రియాలిటీలో 2018లో వచ్చిన ‘బీట్ సేబర్’ కూడా దొడ్డిదారే పట్టింది. అక్కడ కత్తి ఎంత విశాలంగా తిరిగింది, పెట్టెను ఎంత నడిమికి కోసింది అనేవాటికే మార్కులు. మిల్లీసెకన్లకు మార్కు లేదు.

కొత్తగా ఆడబోయే పాఠకులకు పనికొచ్చే మాట ఇదొక్కటి. ఫోన్‌లో ఆడేటప్పుడు బ్లూటూత్ తీసేసి వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. గేమ్ పెట్టే టిక్కుల పరీక్షను మొదటి అంచనాకే వాడుకోండి. ఆ తర్వాత బాగా నోటికొచ్చిన పాటను నాలుగైదు సార్లు ఆడి, చివర్లో వచ్చే ‘ఎర్లీ’, ‘లేట్’ లెక్క చూసుకోండి. ఒకవైపే మొగ్గు కనిపిస్తే సెట్టింగ్స్‌లోని ఆఫ్‌సెట్ అంకెను ఐదు మిల్లీసెకన్లు జరిపి మళ్లీ ఆడండి. ప్లస్ ఎటు, మైనస్ ఎటు అనేది గేముకో రకం. మొగ్గు పెరిగితే రెండోవైపు జరపండి. ఫోన్ మారినా, ఇయర్‌ఫోన్స్ మారినా ఈ పని మళ్లీ మొదటి నుంచే.